మఠము చుట్టు పెరిగిన ఊరు



మన మైదుకూరు సీమలో కందిమల్లాయపల్లె అను పాతపేరు వాడుకలో తగ్గిపోయినది. బస్సు ఎక్కువారు బ్రహ్మంగారిమఠమునకే టిక్కెట్టు అడుగుదురు. 17వ శతాబ్దములో పోతులూరి వీరబ్రహ్మముగారు అక్కడ వడ్రంగి పనిచేసి బ్రదికి, అక్కడనే సజీవసమాధియైరని సంప్రదాయము. ఆ సమాధి చుట్టు మఠమును, మఠము చుట్టు సత్రములు, అంగళ్లు, ఇండ్లును వెలసినవి. నేడు మండలమునకును ఆ పేరే. దగ్గరనున్న తెలుగుగంగ జలాశయమును కూడ బ్రహ్మంసాగర్ అనియే పిలుచుచున్నాము.

దూరదేశములలోను ఊళ్లు ఇట్లే పుట్టినవి. జర్మనీలో మౌల్‌బ్రాన్ అను చిన్న పట్టణము కలదు. 1147లో సిస్టర్షియన్ సన్యాసులు అక్కడి లోయలో మఠము కట్టుకొనిరి. ప్రార్థనయు, కాయకష్టమును వారి నియమము. వారు వాగునీటిని కాలువలకు మళ్లించిరి, చెరువులు కట్టిరి. కాలక్రమమున మఠము ప్రక్కన ఊరు లేచెను. మతసంస్కరణ వచ్చిన తరువాత 1556లో వుర్టెంబర్గు ప్రభువైన క్రిస్టాఫ్ ఆ మఠములో ప్రొటెస్టెంటు పాఠశాల పెట్టించెను. గ్రహముల గతిని కనుగొనిన కెప్లరు చిన్ననాట అక్కడ చదివినవాడే.

ఇక్కడ మనము ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు. భక్తుని చుట్టు ఊరు పెరిగినట్లు, భక్తుని గుణము ఊరివారిలో పెరుగునా?

నీటికొరకు, పనికొరకు, బేరముకొరకు జనులు ఒకచోట చేరుట తప్పు కాదు. బాటసారికి అన్నము వండి అమ్మువాడును సేవ చేయువాడే. అయితే తండ్రి పొలము కుమారునికి వచ్చును, ఊరి పేరు పుట్టిన ప్రతి బిడ్డకును వచ్చును. గుణము మాత్రము అట్లు రాదు. దానిని ఎవరికి వారు సంపాదించుకొనవలెను. బ్రహ్మముగారి శిష్యులలో ముఖ్యుడైన సిద్దయ్య దూదేకుల ముస్లిము. మరియొక శిష్యుడైన కక్కయ్య దళితుడు. గురువునకు దగ్గరయైనవారు ఆయన ఇంట పుట్టినవారు కారు, దూరమునుండి నడిచి వచ్చినవారు. వారిని చేర్చుకొనిన గురువును పొగడుట సులభము. వారితో ఒకే పంక్తిని కూర్చుండుట కష్టము.

యిర్మీయా ప్రవక్త యెరూషలేము దేవాలయపు ద్వారమున నిలిచి ఈ సంగతినే చెప్పెను (యిర్మీయా 7వ అధ్యాయము). పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని బాధించువారికి ఆలయపు నీడ ఆశ్రయము కాదనెను. పాడైపోయిన షిలోహును వారికి జ్ఞాపకము చేసెను.

మన క్రైస్తవ పేటలలో అనేకము మిషను బంగళా ప్రక్కనో, బడి ప్రక్కనో, ఆసుపత్రి ప్రక్కనో పెరిగినవే. గుడిగంట వినుచు మనము పెద్దవారమైతిమి. అయినను పిల్లకు సంబంధము వచ్చినప్పుడు తాతగారి కులము అడుగుచున్నాము. కూలివాని డబ్బు రేపు, మాపు అని త్రిప్పుచున్నాము. విధవరాలి గట్టు ఏటేట జానెడు తగ్గుచుండగా చూచి ఊరకున్నాము. గంట మన చెవికి దగ్గరైనది గాని, అది పిలిచిన పిలుపు ఇంకను దూరముగానే యున్నది.

అట్లయితే సమీపమున నివసించుట వ్యర్థమా? కాదు. సన్యాసులు త్రవ్విన కాలువ ప్రార్థన చేయనివానికిని పనికివచ్చినది. ప్రతిదినము గంట వినిన బిడ్డ ఏదో యొకనాడు నిలిచి చెవియొగ్గవచ్చును. సామీప్యము తెరచిన తలుపు వంటిది. లోనికి అడుగు పెట్టవలసినది మాత్రము మన కాలే.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబపు పెద్దయు ఒక సాయంకాలము ఇంటివారితో కూర్చుండి, మన పేట పేరును బట్టి కాక మన నడతను బట్టి పొరుగువారు మనలను ఏమని పిలుతురో విచారించునుగాక. ఎవరికైన కూలి బాకీయుండిన యెడల, ఆ సాయంకాలమే చెల్లించి వచ్చి ప్రార్థనకు కూర్చుండునుగాక.