క్షమించడానికి హోమ్స్ ఎవరు?

1892 జనవరిలో స్ట్రాండ్ మాసపత్రికలో వచ్చిన ‘బ్లూ కార్బంకుల్’ కథ చివర షెర్లాక్ హోమ్స్ దొంగను వదిలేస్తాడు. కార్బంకుల్ అంటే మామూలుగా ఎర్రరాయి. ఇది నీలంగా ఉండడమే దీని విచిత్రం. హోటల్లో దిగిన ఒక కౌంటెస్ దగ్గర్నుంచి దాన్ని కాజేసింది ఆ హోటల్ ఉద్యోగి రైడర్. కాజేసి, ఆ గదిలో పొయ్యి కమ్మీ అతకడానికి వచ్చిన హార్నర్ అనే ప్లంబర్ని ఇరికించాడు. దొరికిపోయాక కాళ్లావేళ్లా పడి, తల్లినీ తండ్రినీ తలుచుకుని ఏడుస్తాడు. హోమ్స్ తలుపు తీసి పొమ్మంటాడు. క్రిస్మస్ రోజులు, క్షమించాల్సిన కాలం. జైలుకు పంపితే వీడిక జైలు మనిషే అయిపోతాడు, వదిలేస్తే ఒక ఆత్మ దక్కవచ్చు అని వాట్సన్‌కి సర్దిచెబుతాడు. చదివినవాళ్లకి మనసు కరుగుతుంది. కానీ నిజం కనిపెట్టినంత మాత్రాన క్షమించే హక్కు కూడా వస్తుందా? రాదనే నా వాదన.

హార్నర్ సంగతి చూడండి. దొంగతనం జరిగింది డిసెంబర్ 22న, హోమ్స్ క్షమాభిక్ష 27న. ఆ ఐదు రోజులూ చేయని నేరానికి అతను నిర్బంధంలో ఉన్నాడు. పై కోర్టుకు పంపుతున్నామనగానే మేజిస్ట్రేటు ముందే స్పృహ తప్పాడు. వెనకటికి ఒక దోపిడీ కేసులో శిక్షపడ్డవాడు కాబట్టి అతని మాట ఎవరూ నమ్మలేదు. రైడర్ సాక్ష్యానికి రాడు, కేసు దానంతటదే కొట్టుకుపోతుంది అని హోమ్స్ ధీమా. నిజమే, కొట్టుకుపోతుంది. అయితే సాక్షి లేక వీగిపోయిన కేసు ఒకటి, నిర్దోషి అని తేలడం మరొకటి. పాత మచ్చ ఉన్నవాడికి ఈ తేడా అన్నం పెట్టే పనికీ పస్తుకీ ఉన్నంత. బాధపడ్డది హార్నర్, క్షమించింది హోమ్స్. హోమ్స్ క్రిస్మస్‌ని సాక్షిగా పిలిచాడు గానీ, ఆ మతం ఇంత చౌకగా క్షమించమనలేదు. మత్తయి సువార్తలో బలిపీఠం దాకా వచ్చినవాణ్ని కూడా, సోదరుడికి నీ మీద ఫిర్యాదు ఉంటే ముందు వెళ్లి సమాధానపడి రమ్మంటాడు యేసు. సువార్తల్లోని సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. రైడర్ ఒక్క పెన్నీ ఇవ్వలేదు, హార్నర్ మొహం చూడలేదు.

ఆనాటి జైళ్లు మనిషిని బాగుచేసేవి కావు, హోమ్స్ చేసింది తక్కువ చెడు కదా అనొచ్చు. ఈ మాటలో బలముంది. అందుకే రైడర్‌ని జైలుకు పంపాల్సిందని నేననను. శిక్ష తప్పించడం వేరు, క్షమించడం వేరు. మొదటిది హోమ్స్ చేతిలో ఉంది, రెండోది లేదు. ఈ తేడా ఫాదర్ బ్రౌన్ కథలు రాసిన చెస్టర్టన్‌కి బాగా తెలుసు. 1911 నాటి సంపుటంలో ‘హ్యామర్ ఆఫ్ గాడ్’ అనే కథ ఉంది. గుడి గోపురం మీంచి సుత్తి జారవిడిచి అన్నను చంపిన విల్‌ఫ్రెడ్ బోహన్ స్వయంగా మతగురువు. పాద్రీ డిటెక్టివ్ ఫాదర్ బ్రౌన్ అతన్ని అక్కడే పట్టుకుంటాడు. పిట్టగోడ దూకబోతే కాలరు పట్టి ఆపుతాడు. ఈ సంగతి నా నోట బయటికి రాదు, తర్వాతి అడుగు నీదే అంటాడు. బోహన్ కిందికి దిగి, తిన్నగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నడిచి లొంగిపోతాడు.

బోహన్ లొంగకపోతే? బ్రౌన్ మౌనం హోమ్స్ దయ కన్నా ప్రమాదకరమయ్యేది కాదా? అయ్యేది, ఆ చిక్కును కథ కొంత తేలిగ్గానే దాటేసింది. అయినా బ్రౌన్ గుడ్డిగా వదల్లేదు. నింద ఊరి కమ్మరి మీదికి నెట్టడం సులువే అయినా బోహన్ నెట్టలేదని, శిక్ష పడే వీల్లేని పిచ్చివాడి మీదికే మళ్లించాడని గమనించాకే ఆ మాటన్నాడు. మరొకడు బలికాడన్న నమ్మకం మీద నిలిచిన మౌనమది. రైడర్ కథలో మరొకడు అప్పటికే బలయ్యాడు. దేశం వదిలిపోతానని రైడర్ తనంతట తనే అన్నాడు; పోయేముందు జరిగిందంతా రాసి సంతకం పెట్టించుకోవడానికి బేకర్ వీధిలో కాగితానికీ కలానికీ కరువేం లేదు.