పదేళ్ళవాడి యోగ్యత

కోరుకొండ సైనిక్ స్కూల్ మా మధురవాడకి పెద్ద దూరమేం కాదు, విజయనగరం పక్కనే. 1962 జనవరి 18న, విజయనగరం రాజు పి.వి.జి. రాజు ఇచ్చిన కోటలో మొదలైంది. మా వైపు తల్లిదండ్రులు ఆ బడి గురించి ఎలా మాట్లాడతారో గమనించాను. "మావోడిని కోరుకొండలో చేర్చాం" అనరు. "మావోడికి కోరుకొండ వచ్చింది" అంటారు, ఉద్యోగం వచ్చినట్టు.

ఆ "రావడం" గురించే నా ప్రశ్న. పదేళ్ళ పిల్లలకి పరీక్ష పెట్టి కొందరిని ఏరుకోవడం న్యాయమేనా?

ముందు దాని తరఫున చెప్పాల్సింది చెప్పాలి. హైదరాబాద్‌లో 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం ఒక కాలేజీ పెట్టారు. అక్కడ ప్రవేశార్హత పుట్టుక. జాగీర్లు రద్దయ్యాక 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పుట్టుక పోయింది, ఫీజు కట్టగలగడం మిగిలింది. ఈ రెండిటి పక్కన పెడితే పరీక్ష ఎంతో నయం. 1961లో రక్షణమంత్రి కృష్ణ మీనన్ సైనిక్ స్కూళ్ళు తలపెట్టింది కూడా సైన్యాధికారులు కొన్ని ప్రాంతాల, కొన్ని వర్గాల నుంచే రాకూడదనే. రాజుగారి కోటలో రైతు కొడుకు చదువుకోవడం చిన్న సంగతేమీ కాదు.

కానీ ఆ పరీక్ష దేన్ని కొలుస్తోంది? ఆరో తరగతి ప్రవేశానికి 300 మార్కులుంటే 150 లెక్కలవే. లెక్కలు తర్ఫీదుతో వస్తాయి, తర్ఫీదు డబ్బుతో వస్తుంది. ముందు గుమ్మంలోంచి పంపేసిన ఫీజు కోచింగ్ పేరుతో పెరటి దారిన మళ్ళీ లోపలికొచ్చింది.

ఇంకోటి. 2021 దాకా అది మగపిల్లల బడి. మెరికల్నే ఏరుకుంటున్నామని దాదాపు అరవై ఏళ్ళు అనుకున్నవాళ్ళు సగంమంది పిల్లల్ని అసలు పరీక్షే రాయనివ్వలేదు. ఎన్‌డీఏలో అమ్మాయిలకి చోటు లేదుగా అనొచ్చు. సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అదే ఏడాది ఆ తలుపూ తెరుచుకుంది. ఇన్నాళ్ళూ సంప్రదాయం అని గౌరవించినదాంట్లో ఎంత భాగం వట్టి అలవాటో అప్పుడు తెలిసింది.

అయినా సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఏదో ఒక పద్ధతిలో పంచాల్సిందే. ఆ పంపకాన్ని తీర్పుగా చదవడం దగ్గరే నాకు పేచీ. మా పక్కింటావిడ ఓసారి కొడుకు ఎదురుగానే అంది: "మావోడికి రాలేదు బాబూ. ఆడి బుర్ర అంతే." వాడు తలొంచుకుని షూ లేసు కట్టుకుంటున్నాడు. ఒక్క పూట రాసిన పేపర్ ఒక మనిషి గురించి అంత మాట చెప్పగలదా?

ఈ ప్రశ్నకి జవాబు కోరుకొండలో దొరకదనుకుంటాను. చంద్రంపాలెం జిల్లా పరిషత్ హైస్కూల్ లాంటి చోట, అంటే వడపోత లేకుండా చేర్చుకునే బడుల్లో వెతకాలి. అక్కడా మంచి టీచరు, లైబ్రరీ, ఆటస్థలం ఉంటే, సీటు రానివాడు పోగొట్టుకున్నది ఒక హాస్టల్ మంచం మాత్రమే. అవి లేనిచోట మాత్రం, పరీక్ష ఎంత నిజాయితీగా పెట్టినా, పదేళ్ళకే వాడి చదువు మీద తీర్పు చెప్పేసినట్టే.