పద్దు రాయడం మానకూడదు
భూమి ఎంత తిరిగిందో కచ్చితంగా తెలియాలంటే బయట కదలని గుర్తు ఒకటి కావాలి. అందుకే వేర్వేరు ఖండాల్లోని రేడియో టెలిస్కోపులు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒకే క్వేజార్‌ని ఒకేసారి వింటాయి. సంకేతం ఎక్కడికి ఎంత ముందు చేరిందో చూసి భూమి తిరిగిన కోణం లెక్కగడతారు. ఆ టెలిస్కోపులున్న నేల కూడా ఏటా కొన్ని సెంటీమీటర్లు జరుగుతుంది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

తేలిందేమిటంటే, భూమి అణు గడియారమంత సమంగా తిరగదు. అందుకని 1972 నుంచి 27 సార్లు గడియారాలకు ఒక్కో సెకను కలిపాం. చివరిసారి కలిపినప్పుడు మనకు 2017 జనవరి 1, తెల్లవారుజామున అయిదున్నర. ఈ అదనపు సెకన్లు కంప్యూటర్లకు ఇబ్బంది. కాబట్టి 2035లోగా ఆ తేడాని ఇంకా పెరగనివ్వాలని 2022లో దేశాలు తీర్మానించాయి.

మన సౌకర్యం కోసం రాబోయేవాళ్ల నెత్తిన అప్పు పెట్టడం న్యాయమేనా? న్యాయమే అంటాను, ఒక్క షరతు మీద. అప్పు తీర్చడం వాయిదా వేయొచ్చు, పద్దు రాయడం మాత్రం మానకూడదు. గడియారం సూర్యుడి నుంచి కాస్త పక్కకి జరిగితే నాకేం బెంగ లేదు. ఎంత జరిగిందో కొలవడం దండగ ఖర్చని ఎవరైనా అంటేనే భయం.