తగలలేదు గదా!

నీవు ఆదిలాబాదు పట్టణములో జీపు నడుపుచున్నావనుకొనుము. ముందు పాల క్యాన్లు కట్టిన సైకిలు. ఎదుట లారీ వచ్చుచున్నను నీవు ఆగక, సైకిలువాని మోచేతికి జానెడు దూరములో దాటిపోతివి. "తగలలేదు గదా!" అంటివి.

సైకిలునకు వెనుక చూపు అద్దము లేదు. గుంట వచ్చినచో ప్రక్కకు తిరుగక తప్పదు. అతడు ఆ క్షణమున తిరుగకపోవుట నీ నేర్పు కాదు.

1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ, నియమము తప్పి దాటిపోవుటను అపాయకరమైన డ్రైవింగులో చేర్చినది. మొదటి తప్పునకే ఏడాదివరకు ఖైదు పడవచ్చును. గాయమైతేనే నేరమని అది అనలేదు.

మరి మనస్సాక్షి? నీవు మిగుల్చుకొన్నది అర నిమిషము. దానికై పణమొడ్డినది పరుని ప్రాణము. అతనిని అడిగితివా? రేపు ఆ సైకిలు వెనుక అర నిమిషము ఆగుము. లారీని పోనిమ్ము. పొరుగువానిని ప్రేమించుట ఒక్కొక్కప్పుడు బ్రేకు నొక్కుటయే.