రాత్రి షిఫ్టు

గన్నవరంలో మా అమ్మమ్మ పొద్దుగుంకాక నన్ను గడప దాటనిచ్చేది కాదు. మెటలర్జీ చదివి ఓ ఉక్కు ఫ్యాక్టరీలో చేరితే, అదే మాట 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షనై ఎదురొచ్చింది: రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలకు పని లేదు. కొలిమి మాత్రం ఏడింటికి చల్లారదు కదా! కన్వర్టరులో 1,600 డిగ్రీల దగ్గర కార్బన్ కాస్త ఎక్కువైతే ఉక్కు పెళుసవుతుంది. అది అక్కడే, అప్పుడే చూడాలి. నేనేమో పొద్దున్నే ల్యాబులో, విరిగొచ్చిన ముక్కల్లో తప్పు వెతికేదాన్ని. కొలిమి అనుభవం లేదని ప్రమోషనూ ఇవ్వలేదు.

1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని ప్రాణాలిచ్చారు. ఆ ఆంధ్రుల్లో నేనున్నానా?

2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్, సమ్మతిస్తే స్త్రీలూ రాత్రి పనిచేయొచ్చంటోంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఇచ్చేది సమ్మతేనా? రక్షణ వద్దనడం లేదు. ఆ కొలిమి ముందు మగవాళ్ళకి మాత్రం రక్షణ అక్కర్లేదని ఎవరన్నారు?