వెదురు, ఊపిరి

వాద్యములు తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెఱగులని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. సుషిరమనగా రంధ్రము గలది, ఊపిరితో పలుకునది.

పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆశ్రయమున నుండిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వేణువునకు వెదురు, చండ్ర, దంతము, చందనము, రక్తచందనము, ఇనుము, కంచు, వెండి, బంగారము పేర్కొనెను. బంగారమునకు శాస్త్రానుమతి యుండియు లోకము వెదురునే పట్టుకొన్నది. గోడ పలుచన, కణుపుల నడుమ నిడివి, తేలిక దాని గుణములు. పచ్చిది ఎండునపుడు పగులును గనుక చాలకాలము నీడనే ఆరవలెను.

గాలికి తనంత తాను మ్రోగు వెదురును అమరసింహుడు కీచకమనెను. అది మ్రోగునే గాని పాడదు. పాడవలెనన్న కాల్చిన ఇనుపకడ్డీతో రంధ్రములు పడవలెను. భాగవత దశమస్కంధము 21వ అధ్యాయమున గోపికలు ఈ వేణువు ఏమి పుణ్యము చేసెనో యని అసూయపడిరి. ఆ కడ్డీ ప్రస్తావన మాత్రము వారు చేయలేదు!

దేవాలయ మంగళవాద్యమైన నాదస్వరమునకు ఆచ్చామ్రాను శ్రేష్ఠము. తెలుగునాట దీనిని నారయేపి యందురు. మిక్కిలి బరువైన, గట్టి కలప. కుంభకోణము చెంత నరసింగంపేటలో వంశపారంపర్యముగా నాదస్వరములు చేయు శిల్పులు క్రొత్త మ్రానును నమ్మరు. పాత యిండ్లు విప్పినపుడు దొరకు దూలములను, స్తంభములను కొని చెక్కుదురు. ఆ వాద్యమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఏడు రంధ్రములు వ్రేళ్లకు. దిగువనున్నవి శ్రుతి సరిచేయుటకు, వానిని మైనముతో పూడ్తురు. ఊదు పీకయైన సీవాళి కావేరీ తీరమున పెరుగు రెల్లుజాతి గడ్డితో తయారగును.

నోట తడిసిన పీకతో సన్నిధిని వాయించుట ఎంగిలి కాదా యని కొందరు శంకింతురు. ఆ గోపికల మాటలలోనే సమాధానమున్నది. వేణువు అధరసుధను గ్రోలగా మిగిలిన రసమునకే నదులు పులకించెను, తమ కులమున పుట్టినదానిని చూచి తరువులు ఆనందబాష్పములు రాల్చెను. బృందావనమున ఎంగిలి ప్రసాదమైనది. ఈ శంక గలవారే కొన్ని ఆలయములలో విద్యుత్తుతో మ్రోగు యంత్రభేరిని పెట్టించి విద్వాంసుని సెలవు పుచ్చిరి. యంత్రమునకు ఎంగిలి లేదు నిజమే, ఊపిరియు లేదు. స్వామి వేణువును పట్టుకొన్నది ఊపిరి పోయుటకే గదా.

విద్వాంసుడు మిగిలియున్న కోవెలలో తెల్లవారుజామున, తలుపులు తీయకమునుపే, అతడు సీవాళిని పెదవుల నడుమ నానబెట్టుకొని ద్వారము ముందు నిలిచియుండును.