పావు పాపం

సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న అందరికీ గుర్తుంటుంది. భీష్ముడు ధర్మం సూక్ష్మమంటూ నీళ్ళు నమలడమూ గుర్తుంటుంది. ఆ సభలోనే విదురుడు లేచి ఒక చిన్న కథ చెబుతాడు. దాన్ని మాత్రం చాలామంది పౌరాణికులు దాటేస్తారు. చీరల ఘట్టం అయ్యాక జనం చాపలు దులుపుకుని లేచిపోతారు గనుక కావచ్చు. మా నాన్న దాటేసేవారు కాదు. తెనాలి దగ్గర మా ఊరి రామాలయంలో పురాణం చెప్పినన్నాళ్ళూ, వినేవాళ్ళు నలుగురే మిగిలినా సరే, ఆ కథ చెప్పే హారతి ఇచ్చేవారు.

విరోచనుడు, సుధన్వుడు ఒక కన్య విషయంలో నువ్వెక్కువా నేనెక్కువా అని పంతానికి పోయి, ప్రాణాలు పందెం కాసి, తీర్పుకోసం ప్రహ్లాదుడి దగ్గరికి వెళ్తారు. విరోచనుడు ఆయన కన్నకొడుకు. ప్రహ్లాదుడు ఎటూ తేల్చుకోలేక కశ్యపుణ్ణి అడుగుతాడు: తెలిసి కూడా నోరు విప్పనివాడి గతేమిటి? అప్పుడు కశ్యపుడు వాటాలు చెబుతాడు. తప్పును తప్పనని సభలో పాపం సగం పెద్దగా కూర్చున్నవాడికి, పావు చేసినవాడికి, పావు ఊరుకున్న సభ్యులకు. మనుస్మృతి ఇదే లెక్కను ఇంకోలా వేసింది: చేసినవాడికి పావు, సాక్షికి పావు, సభ్యులకు పావు, రాజుకు పావు.

రెండు లెక్కల్లోనూ చేసినవాడికి పడేది పావే. ముప్పావు చుట్టూ ఉన్నవాళ్ళది. తప్పును తప్పన్న సభలో మాత్రమే మొత్తం మూట చేసినవాడి నెత్తికెక్కుతుంది.

నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలాంటి ఇంటింటి సర్వేల్లో కాంట్రాక్టు మీద ఇన్వెస్టిగేటర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా గుంటూరు, ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో తిరిగాను. గడప దగ్గర నిలబడగానే వినపడే మొదటి మాట, "ఏం స్కీమొచ్చిందమ్మా?" ఏ స్కీమూ లేదని చెప్పి, అయినా కూర్చోబెట్టి, కాన్పుల గురించి, టీకాల గురించి, రక్తహీనత గురించి అడుగుతాం. షెడ్యూలు చివర్లో గృహహింస గురించి ఒక భాగం ఉంటుంది. ఆ భాగం సంగతి తెలిశాక నాన్న ఒకరోజు నవ్వుతూనే అన్నారు: "నువ్వు అడిగావు, ఆవిడ చెప్పింది, నువ్వు మీట నొక్కి లేచొచ్చావు. మరి కశ్యపుడి లెక్కలో నీ వాటా ఎంతమ్మా?"

నాకు నవ్వు రాలేదు.

ఆ చివరి భాగంలో చెప్పినవి ఎవరికీ చెప్పనని మాటిచ్చే అడుగుతాం. అందుకని ఇక్కడ ఏ ఒక్కరి కథా రాయడం లేదు, పేర్లు మార్చి కూడా.

నేరాలకు పోలీసుల లెక్క ఉండగా ఇళ్ళకు వెళ్ళి అడగడమెందుకన్న ప్రశ్న మొదట అమెరికాలో గట్టిగా లేచింది. అధ్యక్షుడు జాన్సన్ 1965లో వేసిన నేరాల కమిషన్ పది వేల ఇళ్ళలో అడిగించి చూస్తే, స్టేషన్ రికార్డుల్లో ఉన్నదానికన్నా జరిగింది ఎన్నో రెట్లని తేలింది. దాంతో 1972లో దేశవ్యాప్త సర్వే మొదలైంది. ఎంచుకున్న ఇంటికి ఆరు నెలలకోసారి చొప్పున మూడున్నరేళ్ళలో ఏడుసార్లు వెళ్ళేలా దాన్ని కూర్చారు. మొదటిసారి చెప్పింది హద్దురాయిగా పనికొస్తుంది. మనసు పాత దెబ్బను కొత్తదిగా చెప్పే అలవాటుంది గనుక, అంతకుముందు చెప్పినదాన్ని మళ్ళీ లెక్కించకుండా చూసుకుంటారు. మేం ఆ పనిని పండగలతో నెట్టుకొచ్చేవాళ్ళం: "ఇది మొన్న సంక్రాంతికి ముందా, తర్వాతా?" బ్రిటన్‌లో ఇలాంటి సర్వే 1982లో మొదలైంది. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా అచ్చువేసేది ఠాణాలో నమోదైనదాన్నే. ఇంటి లోపల జరిగేది తెలుసుకోవడానికి మనకున్న పెద్ద సాధనం, విచిత్రంగా, ఆరోగ్య సర్వే. 2005-06 విడతనుంచి అందులో గృహహింస భాగం వచ్చింది.

ఠాణా లెక్క చేసినవాడి వైపునుంచి రాస్తారు: నిందితుడెవరు, ఏ సెక్షను. సర్వే లెక్క పడినవాళ్ళ వైపునుంచి రాస్తారు, అందులో చేసినవాడికి పేరే ఉండదు. ఒకే దెబ్బకు ఇలా రెండు పద్దులు. నాకు ఈ సర్వేలో తత్త్వం కనపడిందంటే ఇక్కడే.

ఆ భాగంలో "మీ మీద హింస జరిగిందా?" అని అడగం. "మీ ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా తోశాడా, కుదిపాడా, మీమీద ఏదైనా విసిరాడా? చెంపమీద కొట్టాడా? చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా? పిడికిలితో గుద్దాడా? తన్నాడా, ఈడ్చాడా?" అంటూ గొంతు నొక్కడం, కాల్చడం, కత్తి చూపించడం దాకా వెళ్తాం. జరిగిందేమిటో చెబితే చాలు, దానికి పేరు ఆమె పెట్టనక్కర్లేదు. ఒక ఇంట్లో ఒక్క ఆడమనిషినే అడగాలి. అత్తనూ కోడలినీ అడిగితే అడిగిందేమిటో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది, మేం వెళ్ళాక దాని ఫలితం ఆమె మీద పడుతుంది. మూడో మనిషి చెవినపడే చోట అసలు అడగకూడదు. రెండు గదుల ఇంట్లో ఏకాంతం దొరకడమంటే ఏమిటో ఢిల్లీలో షెడ్యూలు తయారుచేసినవాళ్ళు ఒకసారి వచ్చి చూస్తే బాగుండేది. అత్తగారికి టీ పెట్టే పని, పిల్లాడికి కొట్టుకెళ్ళే పని, మా జట్టులో ఇంకో అమ్మాయికి బయట మామగారితో పంటల కబుర్లు. అవి కుదరకపోతే ఆ భాగం వదిలేసి రావడమే.

2019-21 విడతలో దేశం మొత్తంమీద పెళ్ళయిన ఆడవాళ్ళలో 29.3 శాతం భర్త చేతిలో హింస చవిచూశామన్నారు. తెలంగాణలో 36.9, ఆంధ్రప్రదేశ్‌లో 30. హింస పడినవాళ్ళలో 77 శాతం సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అంటే ఆ మాట మొట్టమొదట విన్నది ముక్కూమొహం తెలియని ఇన్వెస్టిగేటరన్నమాట.

వీటికన్నా నన్ను ఎక్కువ వేధించిన అంకె ఇంకొకటుంది. అదే సర్వేలో, చెప్పకుండా బయటికి వెళ్ళినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోయినా, ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని అడుగుతారు. దేనికో ఒకదానికి న్యాయమేనన్న ఆడవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రలో 83.6. దేశంలో ముందున్నది మనమే. తనకు జరిగింది తప్పేకాదని ఆమె అంటుంటే, దాన్ని నేరాల పద్దులో రాయడానికి నేనెవరిని? ఆమె గొంతును వినడానికి వెళ్ళి ఆమె అభిప్రాయాన్నే కాదంటున్నానా?

"నా రాత అమ్మా" అన్న మాట ఎన్ని గడపల్లో విన్నానో. దాన్ని మూఢత్వమని కొట్టిపారేసే చదువు నాకు లేదు, రామాలయం అరుగుమీద పెరిగినదాన్ని. కాకపోతే ఆ అరుగుమీద విన్న కర్మసిద్ధాంతమే ఆ మాటకు అడ్డొస్తుంది. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు చెబుతారు. దెబ్బ తినడం ఆమె ప్రారబ్ధమనే ఒప్పుకుందాం. ఎత్తిన చెయ్యి అతని ఆగామి, ఇప్పుడే పుట్టిన కొత్త అప్పు. ఆమె పాత బాకీ చూపించి అతని కొత్త అప్పును రద్దుచేసే శాస్త్రం ఏదీ లేదు. రాత అనుకోవడం ఆమె దుఃఖానికి ఆసరా అయితే కానీ, అతనికి రసీదుగా పనికిరాదు.

సంయుత్త నికాయంలో దీన్నింకా సూటిగా చెప్పిన చోటుంది. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనంటారు కొందరు, నిజమేనా? బుద్ధుడు కాదంటాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, సొంత అజాగ్రత్త, ఇంకొకరి దాడి, ఎనిమిదోది కర్మ. దాడిని కర్మలో కలపకుండా విడిగా గీత గీసి పెట్టాడాయన. అమరావతి స్తూపం ఉన్న జిల్లాలో పుట్టీ ఈ సూత్రం నాకు నడివయసులో తెలిసింది. దానికి ఎవర్ననాలో తెలియదు.

కాబట్టి 83.8నూ 36.9నూ రెంటినీ రాయాలి, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని కొట్టేయకూడదు. ఆమె నమ్మకం ఆమెదే, దెబ్బ మాత్రం జరిగింది. షెడ్యూల్లో అవి వేరువేరు ప్రశ్నలుగా ఉండటం నాకు మొదట యాంత్రికంగా తోచేది, ఇప్పుడు అదే దాని వివేకమనిపిస్తుంది.

వివేకం తప్పిన చోట్లూ ఉన్నాయి. బ్రిటన్ సర్వేలో ఒకే మనిషికి ఒకే రకంగా పదేపదే జరిగినదాన్ని ఐదు దాకానే లెక్కించేవారు. అరవైసార్లు తన్నులు తిన్న ఆవిడ పద్దులో ఐదు. సిల్వియా వాల్బీ అనే సమాజశాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్ళు దీనిమీద గట్టిగా పట్టుబట్టారు, 2019లో ఆ పద్ధతి మారింది. అమెరికాలో ఇలాంటి వరసదెబ్బలను ఏడాది లెక్కల్లో చాలాకాలం అసలు కలపనేలేదు, తర్వాత పదిదాకా కలపడం మొదలుపెట్టారు. లెక్కలవాళ్ళ కారణం నాకు తెలుసు: శాంపిల్లో అలాంటివాళ్ళు ఇద్దరు ఎక్కువ పడితే ఆ ఏడాది అంకె ఆకాశానికి ఎగురుతుంది. కారణం అబద్ధం కాదు. కానీ అంకె నిలకడగా కనపడటానికి అందరికన్నా ఎక్కువ పడినవాళ్ళ దెబ్బలే కోసేశారు. సభాపర్వంలోనే శిశుపాలుడి లెక్క కూడా ఉంది. మేనత్తకిచ్చిన మాటకోసం కృష్ణుడు నూరు తప్పులు కాశాడు. ఊరుకున్నాడే తప్ప లెక్కపెట్టడం మానలేదు.

ఇక నాన్న అడిగిన వాటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇలాంటి పరిశోధనలకు రాసిన నీతినియమాల్లో అడిగేవాళ్ళు సాయం దొరికే చోట్లు చెప్పగలగాలని ఉంది, విన్నవాళ్ళ మనసు నలిగితే దాన్నీ పట్టించుకోవాలని ఉంది. నంబర్లు చీటీమీద రాసిచ్చేవాళ్ళం. జిల్లా కేంద్రంలో ఉన్న ఆఫీసు, బస్సు దిగి ఆటో ఎక్కాల్సిన దూరం. ఆ చీటీ దాచుకోవడం కూడా ఆమెకు ప్రమాదమే. అక్కడికక్కడ ఠాణాకు ఫోను చేసివుంటే నా మనసు శాంతించేదేమో, ఆ రాత్రి ఆమె ఆ ఇంట్లోనే పడుకోవాలి. కోరనిదాన్ని నేను చేస్తే నా వాటా తగ్గించుకోవడానికి ఆమె వీపును వాడుకున్నట్టే.

నాకు తోచినది నాన్నతో అన్నాను. నాది సభలో కూర్చున్నవాళ్ళ మౌనం కాదు, సభకు కబురు మోసినవాళ్ళ మౌనం. పేరు దాచి మాట చేరవేశాను. 29.3 అని అచ్చయిన రోజున సభ తీరింది. కశ్యపుడు చెప్పిన పావు ఆ అంకె చదివి పేజీ తిప్పినవాళ్ళ దగ్గరికి పోయింది, సగం పెద్ద కుర్చీలవాళ్ళ దగ్గరికి. నాన్న పూర్తిగా ఒప్పుకోలేదు. "కబురు మోసినవాడు కూడా ఆ సాయంత్రం సభలోనే కూర్చుంటాడు కదే" అన్నారు. అదీ నిజమే. రిపోర్టు వచ్చిన రోజున నేనూ చదివి పేజీ తిప్పాను.

చేసినవాడి పావు సంగతే ఇంకా తేలలేదు. మన షెడ్యూళ్ళలో మగవాళ్ళదీ ఉంది. భార్యను కొట్టడం న్యాయమేనా అని అతన్నీ అడుగుతాం. కొట్టావా అని అడగం. అడిగితే చెబుతారా అంటే, ఐక్యరాజ్యసమితి సంస్థలు బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, కంబోడియా, ఇండోనేషియా, పపువా న్యూగినియాల్లో సుమారు పది వేలమంది మగవాళ్ళను అడిగి 2013లో ఫలితాలు ప్రకటించాయి. భాగస్వామిమీద శారీరక హింసో లైంగిక హింసో చేశామని ఇంచుమించు సగంమంది ఒప్పుకున్నారు. చోటునుబట్టి అది 26 శాతంనుంచి 80 దాకా ఉంది. మన ప్రశ్నలు తయారుగానే ఉన్నాయి, "మీ ఆయన" అన్నచోట "మీరు" అని మార్చుకోవాలి. ఆమెనూ అతన్నీ ఒకే ఊళ్ళో అడక్కూడదు, అంతే.

ఇది చెబితే నాన్న నమ్మలేదు. "మగాడు ఒప్పుకోడమ్మా, అబద్ధం చెబుతాడు."

"సగంమంది చెప్పారు నాన్నా."

"మిగతా సగం కొట్టలేదా, చెప్పలేదా? మీ లెక్కకు అది తెలుస్తుందా?"

తెలియదన్నాను. అయితే ముందు తనను అడగమన్నారు. అమ్మ వంటింట్లో ఉంది, ఏకాంతం లేదని చెప్పి లేచాను.